ఏర్కాడుకు నాలుగు రోజులు

కంపెనీ బస్సు తిరుత్తణి ఊరు దాటగానే దేవకి పుస్తకం తీసింది. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే ముందుకు వచ్చి, సీట్ల వీపుల మీద మోచేతులు ఆనించుకుని నిలబడి ఉన్నారు. కొండ మీది గుడిలో ఆడి కృత్తిక పండగ అయి వారమైంది. రోడ్డు పక్కన వాడిన కావడి పూలు ఇంకా అక్కడక్కడా పడి ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడలేదు. నిన్న సాయంత్రం ఆపిన కథలో నందిత ఏర్కాడు కొండ మీద దిగి, తన పెట్టె అనుకుని ఇంకెవరిదో పెట్టె పట్టుకుని గెస్ట్‌హౌస్‌కు వెళ్లిపోయింది. ఆ పెట్టెలో ఏముందో తెలియాలి.

పుస్తకం తమిళంలో ఉంది. బస్టాండు కొట్లో నెలకొకటి వచ్చే రకం, అరచేతిలో ఇమిడిపోతుంది. దేవకి కళ్లతో తమిళం చదువుతూ నోటితో తెలుగు చెబుతుంది. అత్తిమంజేరిపేట నుంచి వచ్చే చెంచమ్మ లాంటివాళ్లకు తమిళం మాట్లాడటమే గాని చదవడం రాదు కాబట్టి, నాలుగేళ్ల కిందట అలా మొదలైంది. ఇప్పుడు దేవకి కంటే వేగంగా తమిళం చదివే జెనిఫర్ కూడా తను చదవదు, చెప్పించుకుంటుంది.

పెట్టెలో మగవాడి చొక్కాలు ఉన్నాయి. ఆరు చొక్కాలు, అంచుకు అంచు కలిపి మడిచినవి. దేవకి అక్కడ ఒక్క క్షణం ఆగింది.

"అట్ల మడిచింది ఆడమనిషి చెయ్యి," అంది చెంచమ్మ. "పెండ్లయినోడు. వద్దని చెప్పు ఆ పిల్లకు."

ఇస్త్రీ కొట్లో మడిచినవై ఉండొచ్చని జెనిఫర్ అంది. ఇస్త్రీ కొట్లో అయితే కాగితం పట్టీ ఉంటుందని ఇంకొకామె. దేవకి పేజీ మళ్లీ చూసి, పట్టీ సంగతి రాయలేదని నిజాయితీగా చెప్పింది. తిరువాలంగాడు మలుపు వచ్చేదాకా ఆ చొక్కాల మీదే మాటలు నడిచాయి.

ఆ పెట్టె అతనికీ నందితకూ పెళ్లవుతుందని బస్సులో అందరికీ తెలుసు. అట్ట మీద బొమ్మ చూస్తేనే తెలిసిపోతుంది. వాళ్లు కాచుకునేది దానికోసం కాదు. ఇది దేవకికి రెండేళ్ల కిందట ఇలాంటి ఇంకో పుస్తకం చెబుతున్నప్పుడు అర్థమైంది. అందులో హీరోయిన్ పొద్దున ఎనిమిదిన్నరకు లేచి, వరండాలో పేము కుర్చీలో కూర్చుని, ఎదురుగా కొండ మీద మంచు విడిపోవడం చూస్తూ ఉంటుంది. ఒకటిన్నర పేజీ అదే. ఏమీ జరగడం లేదు కదా అని దేవకి దాటేసింది. భుజం మీదనుంచి తొంగిచూస్తున్న జెనిఫర్ పట్టుకుంది. వరండా ఎందుకు వదిలేసినావని అందరూ గొడవ చేశారు. దేవకి వెనక్కి వెళ్లి మొత్తం చెప్పింది. కాఫీ ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టారు. తాగిన కప్పు ఎవరో తీసుకుపోయారు. మధ్యాహ్నం వంటేమిటని ఆమెను ఎవరూ అడగలేదు. చెబుతున్నంతసేపూ బస్సులో ఒక్కరూ దగ్గలేదు. ఆ తరువాత పెట్టెలు మారినా, గొడుగులు మారినా, ప్రేమించుకున్నా, అలిగినా, ఎవరైనా అడిగేది ఒకటే: ఇంకా వరండా రాలేదా అని.

ఈరోజు కూడా వరండా వచ్చింది. నెమ్మదిగా చెప్పింది. అది అయిపోయాక చెంచమ్మ అడిగింది.

"ఆ పిల్ల లీవుకి కారణం ఏమని రాసింది?"

దేవకి మూడో పేజీకి వెళ్లి వెతికింది. ఒకే ఒక వాక్యం ఉంది. నందిత వారం రోజులు లీవు పెట్టి రైలెక్కింది.

"ఏమని పెట్టి?"

"అది రాయలేదత్తా." వయసులో పెద్దదని దేవకి ఆమెను అత్త అంటుంది.

"అమ్మమ్మ చచ్చిపోయిందని పెట్టుంటాది," అని వెనకనుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా చెంచమ్మే నవ్వింది.

*

తిరువళ్లూరు శివార్లలోని ఆ కంపెనీలో కార్లకు వేసే వైర్ల కట్టలు తయారుచేస్తారు. నాలుగో లైనులో అందరూ ఆడవాళ్లే. వాలుగా నిలబెట్టిన పలక మీద వైర్లు పోవలసిన దారి గీసి ఉంటుంది. దాని ప్రకారం రంగు రంగుల వైర్లను పరిచి, కొసలు ప్లాస్టిక్ గూళ్లలోకి తోసి, నల్ల టేపు చుట్టుకుంటూ పోవాలి. కొసను తోయాలి, టిక్కుమనే చప్పుడు వినాలి, తరువాత కొంచెం వెనక్కి లాగి చూడాలి. లాగి చూడకుండా దేవకి చేతినుంచి ఒక్క కట్ట కూడా ముందుకు పోదు. ఆమె పక్క పలక చెంచమ్మది. చెంచమ్మ టేపు చుట్టుతుంటే చుట్టు మీద చుట్టు సరిగ్గా సగం ఎక్కుతుంది, కొలిచినట్టు.

పదిగంటలకు సూపర్‌వైజరు పార్థిబన్ వచ్చి, చెంచమ్మను హెచ్ఆర్ ఆఫీసుకు రమ్మంటున్నారని చెప్పాడు. ఇరవై నిమిషాల తరువాత ఆమె తిరిగి వచ్చి, మళ్లీ టేపు అందుకుంది. చుట్టు మీద చుట్టు ఎక్కడం లేదు. మధ్యలో వైరు కనిపిస్తోంది. దేవకి తన పలక వదిలి వచ్చి ఆ భాగం విప్పి, తనే చుట్టింది. ఏమైందని అడగలేదు.

అన్నం దగ్గర చెంచమ్మ జాకెట్లోనుంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. మెమో. పాత లీవు చీటీలన్నీ ఈ నెల కంప్యూటర్లోకి ఎక్కించారు. నిరుడు మాసి నెలలో చెంచమ్మ అక్క చనిపోయింది. ఈ ఏడు వైకాసి నెలలో కూడా చెంచమ్మ అక్క చనిపోయింది. ఉన్న అక్క ఒకతే. అబద్ధపు కారణం చూపి లీవు తీసుకున్నందుకు మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంకొక మెమో వస్తే పనిలోనుంచి తీసేస్తారు.

మొదటిసారి నిజంగానే అక్క పోయింది. రెండోసారి ఏమి జరిగిందో చెంచమ్మ సాంబారన్నం కలుపుతూ చెప్పింది. చీటీ నింపడం తనకు రాదు. ఎప్పుడూ పార్థిబనే నింపుతాడు. ఆరోజు ఎవరికి ఏమైందని రాయమంటావక్కా అని అడిగితే, నీకు తోచింది రాసుకో నాయనా అంది. అతను ఆమె ఫైలులో పైన ఉన్న పాత చీటీ చూసి అదే రాశాడు. ఈమె కింద తెలుగులో సంతకం పెట్టింది.

"ఆ రెండు దినాలు నిజానికి ఏమి పనిబడిందత్తా?" అని దేవకి అడిగింది.

చెంచమ్మ ముద్ద పట్టుకుని ఆగింది. "ఏమీ లేదు మే. పండుకోవాలనిపించింది. ఊరికే."

దేవకి గిన్నె కడుక్కుని, పార్థిబన్ బల్ల దగ్గరకు వెళ్లి, ట్రేలోనుంచి ఒక లీవు చీటీ తీసుకుంది. దానికోసం ముందుగా ఆలోచించింది ఏమీ లేదు. పేరు రాసింది, నంబరు రాసింది. వచ్చే నెల పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా, నాలుగు రోజులు. కారణం అన్న గడి దగ్గరకు వచ్చింది. పదకొండేళ్లలో ఆ గడిలో ఆమె ఎన్నో రాసింది. అత్తకు జ్వరం, ఆడబిడ్డ కొడుకు చెవులు కుట్టడం, మామ తిథి, మళ్లీ అత్తకు జ్వరం. ఏవీ తన పనులు కావు. ఈసారి 'ఏర్కాడు చూడటానికి' అని తమిళంలో గుండ్రంగా రాసి, చీటీని పార్థిబన్ ముందు పెట్టింది.

అతను చదివి, ముందు నవ్వాడు.

"ఆటలాడతా ఉండావా అక్కా?"

లేదని చెప్పింది. ఏడాదంతా పనిచేస్తే కలిసొచ్చే లీవు తనకు ఉంది, నిరుడు వాడుకోకుండానే పోయింది, ఈసారి కావాలి అంది. పార్థిబన్ మంచివాడే. పోయిన వారం కావడి ఎత్తేవాళ్లందరికీ తగువు లేకుండా లీవిచ్చాడు. ఆ మాటే ఇప్పుడు గుర్తుచేశాడు. గుడికైతే సరి, చావుకైతే సరి, పెళ్లికైతే సరి. ఏర్కాడు చూడటమేమిటి? ఆ బస్సు నావెళ్లు చేసిన పని ఇదంతా అన్నాడు. పెన్ను తీసి ఆమె వైపు తోశాడు.

"అత్తకు ఒంట్లో బాగలేదని రాయి. ఇప్పుడే సంతకం పెడతా."

"పొద్దున చెంచమ్మత్తకు ఏమాయనో చూస్తిరి గదా సార్."

"నీ అత్త చచ్చిపోలేదు గదా. జ్వరం ఎన్నిసార్లయినా వస్తాది."

దేవకి పెన్ను ముట్టుకోలేదు. చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చిన్న పర్సులో వేసుకుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో గోరుచిక్కుళ్లకు నార తీస్తూ సంగతి చెప్పింది. మొగుడు మునికృష్ణ లోడ్ ఆటో తోలుతాడు. అప్పుడే స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూ విన్నాడు. అతనికి కోపం రాలేదు, హుషారు వచ్చింది. ఏర్కాడు అయితే అందరం పోదామన్నాడు. తమ్ముణ్ణీ వాళ్లనూ పిలుద్దాం, వ్యానొకటి మాట్లాడతా, స్టవ్వు, కుక్కరు వేసుకుంటే బయట తినే పని ఉండదు అన్నాడు.

పోయిన ఏడాది మహాబలిపురం పోయినప్పుడు కూడా స్టవ్వు వేసుకునే పోయారు. అందరూ సముద్రంలో దిగి ఉంటే, దేవకి, తోడికోడలు వ్యాను పక్కన గాలికి దుప్పటి అడ్డం కట్టి పద్నాలుగు మందికి పులిహోర కలిపారు. తిరిగి వస్తుంటే ఆమె చెప్పుల్లో ఇసుక కూడా లేదు.

"నేను చెంచమ్మత్తతో పోతా," అంది దేవకి. "స్టవ్వు లేకుండా."

మునికృష్ణ తువ్వాలు భుజాన వేసుకుని తల్లి వైపు చూశాడు. వనజాక్షమ్మ గోడకు ఆనుకుని కనకాంబరాలు కడుతోంది. డెబ్భై రెండేళ్లు. కోడలి ఉద్యోగం గురించి మంచిగా గాని చెడ్డగా గాని ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు. ఆదివారాలు మాత్రం దేవకి బట్టలు మడతపెడుతూ బస్సులో చెప్పిన కథ మళ్లీ చెబుతుంటే, పక్కకు వచ్చి కూర్చుంటుంది.

"ఆ సూపర్‌వైజరు ఏమంటాడు?" అని అడిగింది.

దేవకికి చెప్పక తప్పలేదు. "మీకు ఒంట్లో బాగలేదని రాస్తే లీవిస్తాడంట."

"ఇంతకు ముందు రాసినావా?"

"రాసినా."

"ఎన్నిసార్లు?"

దేవకి గోరుచిక్కుడుకాయ మీదనుంచి కళ్లెత్తకుండా లెక్క వేసుకుంది. "జ్వరం రెండుసార్లు. ఆస్పత్రిలో చేర్చినామని ఒకసారి."

వనజాక్షమ్మ రెండు పూలు కలిపి ముడి వేసి, దారం లాగింది. "ఆస్పత్రి మొహం చూడనే లేదే నేను," అంది. మరో ముడి వేసింది. "ఈసారి నన్ను పండబెట్టొద్దు. బాగుండానని రాయి. వంట సంగతి నేను చూసుకుంటా."

మునికృష్ణ వ్యాను వాడికి ఫోను చేయాల్సిన పని లేదు కదా అని మాత్రం అడిగాడు. లేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

*

మర్నాడు బస్సులో దేవకి నందితను కాఫీ తోటలో తిప్పింది. పెట్టె అతను వచ్చి తన చొక్కాలు తను తీసుకున్నాడు. పెళ్లి కాలేదట. బాగా మడవడం వాళ్ల నాన్న నేర్పాడట. చెంచమ్మ వింటూనే ఉంది గాని, ఏ మాటా అడ్డం వేయలేదు. మెమో ఆమె ఒళ్లో ఉంది. జవాబు రాసివ్వమని దేవకికి ఇవ్వాలని తెచ్చింది. తప్పయిందని రాయమంది. దేవకి కాగితం తీసుకుంది. జవాబు మాత్రం రాయలేదు.

మధ్యాహ్నం అన్నం తినకుండా హెచ్ఆర్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఆఫీసరు మోనిషా పొన్నేరి అమ్మాయి, తెలుగుదే. ఇరవై ఏడేళ్లుంటాయి. కంప్యూటరు మీద ఇంగ్లీషు, ఫోనులో తమిళం, లైనువాళ్లతో తెలుగు. వెనకే పార్థిబన్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లైను మనిషి ఆఫీసుకు వస్తే సూపర్‌వైజరు రావాలి, అది పద్ధతి.

దేవకి మెమోను, తన చీటీని పక్కపక్కన బల్ల మీద పెట్టి, మడతలు వేలితో సాపు చేసింది.

మోనిషా చీటీ చదివింది. "ఏర్కాడు," అంది, అదేదో అర్థం తెలియని మాటలా. పార్థిబన్ అందుకున్నాడు. నావెళ్లు చదివి ఇట్లా తయారైనారు మేడమ్, నేను సంతకం పెట్టలేదు అన్నాడు.

దేవకి పొద్దుటినుంచీ మనసులో పేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. అందులో ఒకటే మిగిలింది.

"చెంచమ్మత్త అబద్ధం రాసిందని మెమో ఇచ్చినారు మేడమ్. నేను నిజం రాస్తే లీవు లేదంటా ఉండారు. ఇంక మేము ఏమి రాయాల?"

మోనిషా కోప్పడుతుందని దేవకి అనుకుంది. మోనిషా ఆమె వైపు చూడటం లేదు. చీటీని లైటు కిందకి జరిపి పైఅంచు చూస్తోంది. ఆ చీటీ జిరాక్సుకు జిరాక్సుకు జిరాక్సు. అక్షరాలు ఉబ్బిపోయి, పైన ఉండవలసిన వరుస సగానికి తెగిపోయింది.

"ఇది మీకెక్కడిది?"

ట్రేలో ఉండేది ఇదేనని దేవకి చెప్పింది. తను చేరినప్పటినుంచీ ఇదే.

"ఇది అర్జంటు లీవు ఫారం. ఆ రోజుకారోజు కావలసివస్తే ఇచ్చేది. అందుకే కారణం అడుగుతుంది." మోనిషా కింది సొరుగు లాగి, కొత్త కాగితం ఒకటి తీసింది. "పనిచేసి సంపాదించుకున్న లీవుకు ఇది. పది రోజుల ముందు ఇస్తే చాలు. స్టోర్సు వాళ్లు, మెయింటెనెన్సు వాళ్లు దీని మీదే ఇస్తారు. నాలుగో లైనునుంచి ఒక్కటి కూడా ఎందుకు రావడం లేదో నాకు తెలియదు. మీరెవరూ ఈ లీవు అడగరేమో అనుకున్నాను."

దేవకి ఆ కాగితం అందుకుంది. పేరు, నంబరు, ఏ తేదీనుంచి, ఏ తేదీ దాకా, సంతకం. వెనక్కి తిప్పి చూసింది. ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పి ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూసింది. కారణం అన్న గడి లేనే లేదు.

మోనిషా ఫైలు తెరిచి ఎవరెవరు దాని మీద ఇచ్చారో తిప్పుతోంది. మే నెల దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఐదు రోజులు, పార్థిబన్ సంతకం. ఆమె తలెత్తి అతని వైపు చూసింది. అతను షూ ముందరి భాగాన్ని చూసుకుంటున్నాడు.

"పిల్లల్ని కొడైక్కానల్ తీసకపోయినా మేడమ్," అన్నాడు. కొంచెంసేపాగి, "ఈ కాగితం వీళ్లకు కూడా అని నాకు... వీళ్లు ఎప్పుడూ అడగలేదు," అన్నాడు.

దేవకికి అతని మీద కోపం రావలసింది. వచ్చేలోపే ఇంకొకటి తోచింది. మెమో మీద వేలు పెట్టింది.

"అంటే చెంచమ్మత్త కూడా కారణం చెప్పే పని లేదు గదా మేడమ్. ఆ రెండు దినాలూ ఆమె లీవే గదా."

మోనిషా కంప్యూటర్లో చూసింది. చెంచమ్మ ఖాతాలో అప్పటికి పదహారు రోజుల లీవు ఉంది. ఆ రెండు రోజులు దాంట్లోకి మారుస్తానంది. మెమో వెనక్కి తీసుకుంటున్నానంది. దేవకి కదల్లేదు.

"రాసి ఇవ్వండి మేడమ్."

మోనిషా ఒక్క క్షణం చూసి, మెమో మీద అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. దేవకి తేదీ సరిచూసుకుంది. తరువాత కొత్త కాగితం అక్కడే నింపింది. మోనిషా దాన్ని తలుపు దగ్గరున్న పార్థిబన్‌కు అందించింది. అతను గోడకు ఆనించి సంతకం చేశాడు. సాయంత్రంలోగా నాలుగో లైను ట్రేలో ఈ కాగితాలు యాభై ఉండాలని, ఒకే తేదీల్లో ఇద్దరి దాకా పోవచ్చని మోనిషా చెప్పింది. చెప్పింది అతనికి. చూసింది మాత్రం దేవకి వైపు.

*

పుస్తకం శుక్రవారం పొద్దున అయిపోయింది. వాన పడుతుంటే లేడీస్ సీట్ అనే బండ దగ్గర అతను అడిగాడు, నందిత సరే అంది. ఇద్దరూ కలిసి రైలెక్కి ఆమె ఊరికి వచ్చేశారు. బాగుందని జెనిఫర్ కళ్లు తుడుచుకుంది.

చెంచమ్మ మాత్రం ఒప్పుకోలేదు. వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. వారం లీవు అని చెప్పినావు. ఐదో దినమే వచ్చేసింది. ఇంకా రెండు దినాలు ఉండాయి గదా, అతను యాడికి పోతాడు, ఉండి రావచ్చు గదా అంది. దేవకి వెనక్కి తిప్పి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. రాసినవాళ్లు తప్పు చేశారని అందరూ ఒప్పుకున్నారు. ఆ రెండు రోజులూ నందిత వరండాలోనే కూర్చుందని దేవకి కలిపి చెప్పింది. పెట్టె అతను కొండ కిందకు పనిమీద పోయాడు. మంచు పొద్దున తొమ్మిదింటిదాకా విడవలేదు. తిరువళ్లూరు వచ్చేదాకా విడవలేదు.

టీ వేళలో చెంచమ్మ చేతులు తుడుచుకుని ట్రే దగ్గరకు వెళ్లింది. కొత్త కాగితాలు అప్పటికి సగానికి తగ్గాయి. ఒకటి తీసి దేవకి ముందు పెడితే, దేవకి ఏ గడిలో ఏముందో వేలితో చూపించి, పెన్ను ఆమెకే ఇచ్చింది. చెంచమ్మ వంగి, పెదవులు కదుపుతూ, తన పేరు తెలుగులో రాసింది. మెడలో వేలాడే కార్డు చూసి నంబరు రాసింది. తేదీలు చూడకుండానే రాసింది, పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి. కింద మళ్లీ పేరు.

పార్థిబన్ ఆమె వస్తుండటం చూసి, అలవాటుగా జేబులోనుంచి పెన్ను తీసి మూత తెరిచాడు. చెప్పక్కా, నింపుతా అన్నాడు. చెంచమ్మ నింపిన కాగితం అతని ముందు పెట్టింది. అతను తేదీలు చదివాడు, దేవకి పలక వైపు చూశాడు, మళ్లీ తేదీలు చదివాడు.

"యాడికక్కా?" అని అడిగాడు.

చెంచమ్మ కాగితం మీదికి వంగి పైనుంచి కిందిదాకా చూసింది. వెనక్కి తిప్పి అటు కూడా చూసింది. మళ్లీ తిప్పి, అతనికి నేరుగా ఉండేలా జరిపింది.

"అది దీంట్లో అడగలేదు నాయనా," అంది. "నీ సంతకం ఒకటే మిగిలుండాది."